వైఎంసీఏ అసలు ఆశయం ఏంటి?

ప్రశ్న: వైఎంసీఏ (యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్) అంటే జిమ్, హాస్టల్ అనే అనుకునేదాన్ని. వాలంటీర్‌గా చేరదామని చూస్తే ఆశయం, విలువలు అంటూ చాలా రాశారు. క్రైస్తవులు కానివాళ్లు చేరొచ్చా?

జవాబు 1: 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల షాపు ఉద్యోగి, తనలాగే పనికోసం నగరానికొచ్చి రోజంతా షాపుల్లోనే మగ్గిపోయే కుర్రాళ్ల కోసం స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. అప్పుడు ప్రార్థన, బైబిల్ చదవడం అంతే. శరీరం, మనసు, ఆత్మ మూడూ ఎదగాలనే త్రికోణం గుర్తు తర్వాత వచ్చింది. ఆటలు అందుకే. బాస్కెట్‌బాల్ 1891లో వాళ్ల ట్రైనింగ్ స్కూల్లోనే పుట్టింది మరి!

జవాబు 2: 1855లో పారిస్‌లో రాసుకున్న మూలసూత్రం పక్కా క్రైస్తవమే, వాళ్లేమీ దాచరు. కానీ ఇప్పుడు చాలాచోట్ల అన్ని మతాలవాళ్లూ పనిచేస్తున్నారు. శాఖలు ఎక్కడికక్కడ సొంతంగా నడుస్తాయి కాబట్టి మీ దగ్గరి శాఖనే అడగండి.

జవాబు 3: విలువల పోస్టర్ కన్నా వార్షిక నివేదిక చూడండి, కమిటీలో యువతకు ఓటుందో లేదో కూడా.