బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సిందేనా, పరీక్షించి చెడిపోతేనే మార్చాలా?

స్టెప్నీ:
కారు కొని మూడో ఏడు నడుస్తోంది. తిరిగింది తక్కువే. సర్వీసుకిస్తే బ్రేక్ ఆయిల్ మార్చాలన్నారు. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బాలో చూస్తే గీత దాకా ఉంది, రంగు కూడా తేటగానే ఉంది. పెడల్ గట్టిగా ఉంది. ఇంజిన్ ఆయిల్‌కైతే కిలోమీటర్ల లెక్క ఉంది, ఎక్కువగా షెడ్డులోనే ఉండే బండిలో బ్రేక్ ఆయిల్ ఎందుకు పాడవుతుంది? పనిలో పనిగా ఇప్పుడున్న డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తీసేసి డాట్ 5.1 రకం పోయించమని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు. మీరేమంటారు?

ఘాట్‌రోడ్:
మార్చేయండి. బండి తిరగకపోయినా అది తేమ పీలుస్తూనే ఉంటుంది. డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ (తేమ పీల్చే రసాయనం) రకాలే. రబ్బరు హోసుల గుండా, డబ్బా మూత దగ్గరి గాలి రంధ్రం గుండా తేమ కొంచెం కొంచెంగా చేరుతుంది. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు కలిస్తే కనీస హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కైతే ఆ అంకెలు 205, 140.

ఇప్పుడు పెడల్ గట్టిగా ఉందన్న ధీమా వద్దు. నీరు కలిసిన ఆయిల్ చల్లగా ఉన్నంతసేపూ బాగానే పనిచేస్తుంది. నిండా మనుషులతో, సామానుతో ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే కాలిపర్ (చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) వేడెక్కి లోపల ఆయిల్ మరుగుతుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ నేలకి అంటుకుంటుంది, బండి ఆగదు. కాసేపటికి చల్లారితే పెడల్ మళ్లీ మామూలే, మెకానిక్ చూసినా ఏమీ దొరకదు.

స్పానర్:
భయపెట్టి మార్పించడం నాకు నచ్చదండీ. కంపెనీలే ఒక మాట మీద లేవు: కొన్ని రెండేళ్లంటాయి, కొన్ని మూడేళ్లంటాయి, కొన్ని మాన్యువళ్లలో తనిఖీ చేయమనే తప్ప గడువే ఉండదు. పొడి వాతావరణంలో ఉన్న బండికీ, ఏడాదంతా ఉక్కపోతలో ఉన్న బండికీ ఒకటే గడువేమిటి? తేమ కొలిచే పెన్ను లాంటి మీటరు ఉంది. డబ్బాలో ముంచితే ఆకుపచ్చో ఎరుపో చెప్పేస్తుంది. ఎరుపొస్తే మార్చండి.

పాతడీజిల్:
స్పానర్ గారూ, కొలిచి మార్చాలన్న మీ మాట సబబే. కానీ ఆ పెన్ను కొలిచేది తేమను కాదు, ఆయిల్‌లో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో. అది ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి అది చూపించే శాతాన్ని నమ్మలేం. నిజంగా వేడిచేసి మరిగే ఉష్ణోగ్రత చూపే పరికరాలున్నాయి, అవి నయం.

అసలు చిక్కు మరోచోట ఉంది. బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా తిరగదు. పెడల్ తొక్కితే కాస్త ముందుకు జరుగుతుంది, వదిలితే వెనక్కొస్తుంది. కాలిపర్‌లో ఉన్నది ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది, వేడి తగిలేదీ దానికే. డబ్బాలో కొలిస్తే తెలిసేది డబ్బా సంగతే. ఒక గ్యారేజీలో నా బండికి ఆయిల్ మార్చామని బిల్లులో రాశారు. ఇంటికొచ్చి వెనక చక్రం దగ్గర బ్లీడర్ నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) సన్న గొట్టం తగిలించి విప్పితే ముదురు గోధుమ రంగులో, అడుగున నల్లటి మడ్డితో వచ్చింది. పైన డబ్బాలో మాత్రం కొత్త ఆయిల్ తళతళలాడుతోంది! సిరంజితో డబ్బాలోది లాగి కొత్తది నింపారంతే. దీన్ని మార్చడం అనరు.

అందుకే నేను గడువు వైపే. సరిగ్గా కొలవాలంటే నిపుల్ దగ్గర్నుంచి నమూనా తీయాలి. అంతదాకా వచ్చాక ఇంకాస్త పోనిచ్చి మొత్తం మార్చేయడమే మేలు.

స్పానర్:
నిపుల్ మాట ఒప్పుకుంటాను. అయితే మార్చడంలోనూ ప్రమాదముంది. పాత బండిలో పెడల్‌ని నేల దాకా తొక్కి పాత ఆయిల్, గాలి బయటికి తీస్తే, మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే భాగం) పిస్టన్ ఎన్నడూ వెళ్లని చోటికి వెళ్తుంది. అక్కడ తుప్పుంటే సీళ్లు కోసుకుపోతాయి. ఊరికే మార్చితే పోయేదేముంది అనేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోరు.

ఘాట్‌రోడ్:
పెడల్ కింద చెక్క ముక్క పెడితే అంత లోతుకి పోదు. ప్రెషర్ బ్లీడర్ (డబ్బా వైపు నుంచి ఒత్తిడితో ఆయిల్‌ని నెట్టే పరికరం) ఉంటే తొక్కే పనే లేదు. అది ఆయిల్ మార్చడం మానడానికి కారణం కాదు.

పాతడీజిల్:
స్టెప్నీ గారి రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. డాట్ 5.1కి మరిగే హద్దులు కొత్తదైతే 260, నీరు కలిస్తే 180. గ్లైకాలే కనుక డాట్ 4తో కలుస్తుంది, పోయించుకోవచ్చు. కానీ గడువు పెరుగుతుందనుకోకండి, అదీ తేమ పీలుస్తుంది. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 మాత్రం పోయనివ్వకండి. అది సిలికాన్, వీటితో కలవదు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న మామూలు కార్లకు పనికిరాదు. ఇంకోటి, కొన్ని కొత్త కార్లకు పల్చటి డాట్ 4 కావాలని రాసి ఉంటుంది. ఏబీఎస్, ఈఎస్‌పీ (బండి పక్కకి జారకుండా చూసేది) కవాటాలు చలిలోనూ చురుగ్గా కదలడానికే ఆ పల్చదనం. అక్కడ మామూలు డాట్ 4 పోస్తే లెక్క తప్పినట్టే.

స్టెప్నీ:
మాన్యువల్ చూశాను. డాట్ 4, రెండేళ్లు అనే ఉంది. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ విప్పి మార్చమంటాను, దగ్గరుండి చూస్తాను. ఏబీఎస్ ఉంది కదా, స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) తప్పనిసరా?

పాతడీజిల్:
మామూలు మార్పిడికి చాలా కార్లలో అక్కర్లేదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి దూరితే దాదాపు తప్పదు. అందుకే పని జరుగుతున్నంతసేపూ పైన డబ్బా ఖాళీ కాకుండా చూడమనండి. కొత్త ఆయిల్ సీసా సీలు మీ ముందే తెరవాలి, సగం వాడి పక్కన పెట్టింది వద్దు. పెయింట్ మీద చుక్క పడితే గుడ్డతో రుద్దకుండా వెంటనే నీళ్లు పోసి కడగమనండి.