సీరియల్ల పెద్దమ్మ పాత్ర: మన యాస మార్చుకోవాల్నా?

పానగల్లు:
నల్లగొండ దిక్కు నాటకాలేసే ఒకామెకు సీరియల్ల పెద్దమ్మ పాత్ర దొరికింది. "వచ్చిండు" అంటే "వచ్చాడు" అనమంటున్నరట. మార్చుకోవద్దనే నా మాట. తెలంగాణ శకుంతల మహారాష్ట్రల పుట్టి కూడ మన మాటతోనే పేరు తెచ్చుకున్నది. తెలంగాణ అనేదే ఆమెకు ఇంటిపేరైంది.

దేవరకొండ గట్టు:
సగమే చెప్తున్నరు. 2003ల 'ఒక్కడు'ల ఆమె పలికింది సీమ మాట. రెండు తీర్ల పలికింది గనకనే పిలుపులు ఆగలే. ఇంకోటి, సీరియల్ల మాటలు తర్వాత డబ్బింగ్‌ల చెప్తరు, వేరే గొంతు కూడ పెట్టొచ్చు. మన నల్లగొండామె "వచ్చిండు" అన్న షాటుకు వేరేవాళ్లు "వచ్చాడు" అని చెప్తే "చ్చా" కాడ నోరు తెరుచుకోవాలె. ఆమె పెదాలేమో "చ్చిం"కు పక్కకు సాగి ఉంటయి. దూరం షాటుల తెల్వది, క్లోజప్‌ల దొరికిపోతది. అప్పుడు ఎడిటర్ ఆమె ముఖం తీసేసి ఎదుటోళ్ల రియాక్షన్ వేస్తడు. తెర మీద కనబడే ఆ కాస్త సేపు కూడ పాయె.

పిల్లలమర్రి:
"అచ్చిండు" అనమనలేదు, నయం.

పానగల్లు:
మంచిగ గుర్తు చేసినవు. అచ్చిండు, అత్తడు అనేది కరీంనగర్ దిక్కు. నల్లగొండల, పాలమూరుల వచ్చిండు, వస్తడు అంటం. రాసేటోళ్లు అంతా ఒక్కతీరే కలిపేస్తరు.

దేవరకొండ గట్టు:
అన్నా, నేను ఆమె బతుకుదెరువు గురించి మాట్లాడుతున్న. సీరియల్ల పైసలు షూటింగ్ రోజుల లెక్కన, ఎపిసోడ్ల లెక్కన కాదు. నెలకు ఎన్ని రోజులో ముందే అడగాలె. ఫీజు మీద 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపన్ను, పట్టుకుంటరు, పాన్ ఇయ్యకుంటే 20. ఏడాది ఆదాయం పన్ను దాకా రాకుంటే రిటర్న్ వేసి వాపసు తీసుకోవచ్చు. చాలామంది వదిలేస్తరు.

మూసీ ఒడ్డు:
ఇంట్ల సీను ఇయ్యాల, గడప బయట సీను వారం తర్వాత తీస్తరు. చీర కుచ్చిళ్లు, గాజులు, బొట్టు అన్నీ ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకొమ్మనుండ్రి. కంటిన్యుటీ తప్పితే తిట్లు ఆమెకే.

పానగల్లు:
పెదాలు, టీడీఎస్, చీర... అసలుది వదిలేసిండ్రు! సీరియల్ల ఒకే ఊరు, ఒకే ఇల్లు. దొరసాని "వచ్చాడు" అంటది, పనామె "వచ్చిండు" అంటది. ఎట్ల కుదురుతది? మన ఊర్లల్ల దొరసాని కూడ వచ్చిండనే అంటది గద. అంట్లు తోమే పాత్రకైతే మన మాట పనికొస్తది, పెద్దమ్మకైతే పనికిరాదా? నా కడుపుమంట గదే.

దేవరకొండ గట్టు:
ఈ ముక్క మొదట్నే అంటే ఇంత లొల్లి లేకపోవు. దీంట్ల నేను మీ దిక్కే. కానీ అది తేల్చేది రైటరు, ఛానలు. కొత్తగ పోయినామె సెట్ల కొట్లాడితే, పెద్దమ్మ ఊరికి పోయిందని ఒక్క డైలాగు రాస్తరు. అంతటితోటి ఆమె పని పోతది. కొట్లాడమని మనం ఇక్కడ కూసోని చెప్పొద్దు.

పానగల్లు:
మరి ఊకుండాల్నా?

దేవరకొండ గట్టు:
ఒక్కటి అడగొచ్చు. డబ్బింగ్ నాతోనే చెప్పించుండ్రి అని. అదీ అడ్వాన్సు తీసుకోకముందే. మొదటి షెడ్యూల్ వేరే గొంతుతోటి టెలికాస్ట్ అయిందంటే ఇగ మార్చరు. రేపు సినిమాకు ఆడిషన్ ఇయ్యాలంటే చూపెట్టనీకి ఆమె గొంతున్న ముక్క ఒక్కటి కూడ ఉండదు. ఇప్పుడే ఒకే సీను రెండు తీర్ల, ఇట్ల, అట్ల, చెప్పి రికార్డు చేసి పంపమనుండ్రి.

పిల్లలమర్రి:
అడ్వాన్సు ఎప్పుడిస్తరంట?

పానగల్లు:
సోమవారం. ఇయ్యాల్నే చెప్త. పనామె సంగతి మాత్రం నేను ఇడిసిపెట్ట.