బెంగళూరు ఇంటి కరెంటు: పీక్ టైమ్‌లో వాడకం తగ్గిస్తే బిల్లులో ఏమైనా మిగులుతుందా?

కేఆర్‌పురం_302

అందరికీ నమస్కారం. రెండు బెడ్‌రూముల ఫ్లాటు, బెస్కాం (బెంగళూరు కరెంటు సరఫరా సంస్థ) కనెక్షన్. బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ (మంజూరైన లోడు) 6 కిలోవాట్లు, రికార్డెడ్ ఎం.డి. (మ్యాగ్జిమమ్ డిమాండ్, నెలలో నమోదైన గరిష్ఠ లోడు) 5.4 అని ఉంది. నెలకి 260 యూనిట్లు దాటుతోంది కాబట్టి గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే కర్ణాటక పథకం) లేదు. ఇంట్లో 25 లీటర్ల గీజరు ఒకటి, 15 లీటర్లది ఒకటి (రెండూ 2 కిలోవాట్లే), ఇండక్షన్ స్టవ్, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, ఒకటిన్నర టన్ను ఏసీ, ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నాయి. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 మధ్య వాడకం తగ్గిస్తే రాయితీ ఏమైనా వస్తుందా? రాకపోతే ఇంత అవస్థ ఎందుకు?

మీటర్‌బోర్డు

రేటు సంగతి ముందు చెప్తాను. 2025-26కి కేఈఆర్‌సీ (కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్) పెట్టిన టారిఫ్‌లో ఇళ్లకి యూనిట్ 5.80 రూపాయలు, పైన పెన్షన్ సర్‌చార్జి 36 పైసలు. తెల్లారి 6కి వాడినా, మధ్యాహ్నం 2కి వాడినా ఇదే రేటు. అంటే గంట మార్చినంత మాత్రాన యూనిట్ల మీద ఒక్క పైసా మిగలదు.

మీకు డబ్బు మిగిలేది ఫిక్స్‌డ్ చార్జి దగ్గర. అది 2025-26లో శాంక్షన్డ్ లోడ్ మీద కిలోవాట్‌కి నెలకి 145 రూపాయలు. 6 కిలోవాట్లకి 870. ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా కట్టాల్సిందే. దాన్ని 4కి దించగలిగితే నెలకి 290, ఏడాదికి 3,480 రూపాయలు తగ్గుతుంది. దించాలంటే ఎం.డి. పడిపోవాలి, ఎం.డి. పడిపోవాలంటే ఉదయం పూట అన్నీ ఒకేసారి నడవకూడదు. పీక్ తగ్గించడమంటే మీ విషయంలో అదే.

ఎం.డి. అంటే స్విచ్ వేసిన క్షణంలో కొట్టిన లోడు కాదు, మీటరు సెట్టింగును బట్టి 15 లేదా 30 నిమిషాల సగటు. మిక్సీ రెండు నిమిషాలు తిరిగితే లెక్కలోకి రాదు. రెండు గీజర్లు, ఇండక్షన్ అరగంట కలిసి నడిస్తే మాత్రం నెల మొత్తానికి ఆ అంకే నిలుస్తుంది. మీ 5.4 అలా వచ్చిందే అయ్యుండాలి.

బెంగళూరు చన్నీళ్లు 22 డిగ్రీలు అనుకుంటే, 60కి కాగడానికి 25 లీటర్ల గీజరుకి 1.1 యూనిట్లు, అంటే దాదాపు 33 నిమిషాలు. 15 లీటర్లదానికి 20 నిమిషాలు. ఇలా పెట్టుకోండి:

5:00 నుంచి 5:40 పెద్ద గీజరు. 5:45 నుంచి 6:10 చిన్నది. ఆ తర్వాత రెండూ ఆఫ్, ఇండక్షన్ వంతు 6:15 తర్వాతే.

వేడి చల్లారిపోతుందని భయం వద్దు. ఇన్సులేషన్ బాగున్న గీజరులో రెండు గంటలకి రెండు మూడు డిగ్రీలకి మించి తగ్గదు. 60 డిగ్రీల 25 లీటర్లలో చన్నీళ్లు కలిపితే, స్నానానికి సరిపడే 40 డిగ్రీల నీళ్లు 40 లీటర్ల పైన వస్తాయి. చాలామంది చేసే తప్పు ఏమిటంటే స్నానం చేస్తూ గీజరు ఆన్‌లోనే ఉంచడం. వాడిన నీటి చోట చన్నీళ్లు చేరి, ఏడింటికి వంట నడిచేటప్పుడు అది మళ్లీ కాగడం మొదలవుతుంది.

జయనగర్ సుబ్బు

స్మార్ట్ ప్లగ్ పెట్టి ఫోన్‌లో టైమర్ వేస్తే సరిపోతుంది కదా? ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతున్నాయి.

వైరింగ్_అన్న

సుబ్బు గారూ, 10 ఆంపియర్ల ప్లగ్గు గీజరుకి పెట్టొద్దు. 2 కిలోవాట్లంటే దాదాపు 8.7 ఆంపియర్లు, అది అరగంటకి పైగా ఆగకుండా. లోపలి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాంటాక్టులు మాడి అతుక్కుపోవచ్చు, అప్పుడు యాప్‌లో ఆఫ్ చూపిస్తున్నా గీజరు కాగుతూనే ఉంటుంది. 16 ఆంపియర్లది తీసుకోండి, ప్లగ్గు కాళ్లు సాకెట్లో బిగుతుగా కూర్చోవాలి. వారం తర్వాత విప్పి చూడండి. ప్లాస్టిక్ పసుపు తిరిగినా, వాసన వచ్చినా సాకెట్ మార్చాల్సిందే.

ఇంకా మంచిది డీబీలో (ఇంటి బ్రేకర్లుండే పెట్టె) లోహపు పట్టీ మీద బిగించే డిజిటల్ టైమరు, లోపల బ్యాటరీ ఉన్నది. తిరిగే డయల్ ఉన్న మెకానికల్ టైమర్లు కరెంటు పోతే ఆగిపోతాయి. రోజూ అరగంట కోత పడితే వారానికి మూడున్నర గంటలు వెనకబడి, 5 గంటల గీజరు సరిగ్గా వంట టైమ్‌కి ఆన్ అవుతుంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరైతే 13 ఆంపియర్లు, టైమరు మధ్యలో 25 ఆంపియర్ల కాంటాక్టర్ (పెద్ద లోడుకి తట్టుకునే స్విచ్) పెట్టాలి. వైరు 4 చదరపు మిల్లీమీటర్లు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకర్), ఎర్తింగ్ తప్పనిసరి.

సోలార్_పైకప్పు

సోలార్ వాటర్ హీటర్ ఉన్నవాళ్లకి ఒక మాట. బెస్కాం బిల్లులో దానికి యూనిట్‌కి 50 పైసలు, నెలకి 50 రూపాయల దాకా రాయితీ చాలా ఏళ్లుగా ఉంది. మీ బిల్లులో ఆ లైను కనపడకపోతే అడగండి. బ్యాకప్ ఎలిమెంటుని మాత్రం రాత్రంతా ఆన్‌లో వదలొద్దు. 200 లీటర్లు 22 నుంచి 60కి కాగాలంటే దాదాపు 9 యూనిట్లు. కరెంటుతో ట్యాంకంతా కాగిపోతే పొద్దున ఎండకి పని ఏముంటుంది? వరసగా రెండు రోజులు మబ్బు పట్టినప్పుడే, అదీ గంటసేపు.

టారిఫ్_చదువరి

గంటను బట్టి రేటు ఇక రాదేమో అనుకోవద్దు. 2023 జూన్‌లో కేంద్రం వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. దాని ప్రకారం వ్యవసాయం తప్ప మిగిలినవాళ్లందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి టైమ్ ఆఫ్ డే (గంటను బట్టి మారే) రేట్లు రావాల్సింది. రోజుకి 8 సోలార్ గంటల్లో (ఎండ ఉండే పగటి వేళ) మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ, ఇళ్లకి పీక్‌లో కనీసం 10 శాతం ఎక్కువ. 5.80 మీద లెక్కేస్తే 4.64, 6.38. అంటే 60 యూనిట్లు పీక్ నుంచి పగటికి మార్చితే నెలకి 104 రూపాయలు. లోడు తగ్గించి మిగుల్చుకునే 290 కన్నా ఇది తక్కువే.

పీక్‌లో వాడకం తగ్గించినందుకు నేరుగా డబ్బిచ్చే పద్ధతి బ్రిటన్‌లో 2022-23 చలికాలంలో మొదలైంది. మీ ఇల్లు మామూలు రోజుల్లో అదే అరగంటలో వాడేదాన్ని ప్రాతిపదికగా పెట్టి, దానికన్నా ఎంత తగ్గితే అంతకి చెల్లించారు. అరగంటకోసారి రీడింగ్ ఇచ్చే మీటరు లేకపోతే ఈ లెక్క కుదరదు. ఇక్కడా స్మార్ట్ మీటర్లు ముఖ్యమయ్యేది అందుకే.

కేఆర్‌పురం_302

అర్థమైంది, అందరికీ థాంక్స్. అయితే వెంటనే 4కి దరఖాస్తు పెట్టేయొచ్చా? ఏసీ, స్కూటర్ సంగతేమిటి?

మీటర్‌బోర్డు

వెంటనే వద్దండి. ముందు టైమర్లు పెట్టి కనీసం మూడు నెలల ఎం.డి. చూడండి, అందులో ఏప్రిల్ గానీ మే గానీ ఉండాలి. సాయంత్రం ఇండక్షన్ 2, ఏసీ 1.5, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు 0.4 కలిస్తే 3.9, అంటే అంచుకొచ్చినట్టే. వంట అయ్యేదాకా ఏసీ ఆపండి, లేదా ఇండక్షన్ 1,200 వాట్లకి తగ్గించండి. స్కూటర్ ఛార్జర్ 750 వాట్లే కాబట్టి రాత్రి 11 తర్వాత ఏసీతో కలిసినా ఇబ్బంది లేదు. వేడినీళ్ల వాష్ 2 కిలోవాట్లు లాగుతుంది, దాన్ని పగలు 11కి పెట్టుకోండి.

దెబ్బ తగిలేది చుట్టాలొచ్చిన రోజున. ఆ ఒక్క ఉదయం టైమరు పక్కనపెట్టి రెండు గీజర్లూ వేస్తే నెల ఎం.డి. పోయినట్టే. స్మార్ట్ మీటరుంటే, శాంక్షన్డ్ లోడ్ దాటిన ఆ నెల బిల్లు నమోదైన ఎం.డి. మీద పడుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో మూడుసార్లు శాంక్షన్డ్ లోడ్ దాటితే వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి లోడే పెరుగుతుంది.

మూడు నెలలూ 3.6 లోపు నిలిస్తే సబ్‌డివిజన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. కనెక్షన్ ఇంటి ఓనరు పేరు మీద ఉంటే సంతకం ఆయనదే కావాలి. మళ్లీ పెంచుకోవాలంటే డిపాజిట్ కొత్తగా కట్టాలి, కాబట్టి రెండో ఏసీ కొనే ఆలోచన ఉంటే 5 దగ్గర ఆగండి.