రెండు లక్షల కిలోమీటర్లు దాటిన స్కార్పియో ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలూ లాగే బండి) కొనవచ్చునా?

ఆదోని పత్తిచేను: అందరికీ నమస్కారం. బెంగళూరు రిజిస్ట్రేషన్ గల 2012 నాటి స్కార్పియో ఎంహాక్ (మహీంద్రా డీజిల్ ఇంజన్) ఫోర్ వీల్ డ్రైవ్ ఒకటి అనంతపురంలో అమ్మకానికి ఉన్నది. మీటరు 2,10,000 కిలోమీటర్లు చూపుతున్నది. మా చేను నల్లరేగడి. వాన పడిన మరునాడు ట్రాక్టరు తప్ప మరేదీ అక్కడికి చేరలేదు. ఇంజన్‌ను ఎలా పరీక్షించాలో, ఫోర్ వీల్ పని చేస్తున్నదో లేదో ఎలా తెలుసుకోవాలో, కర్ణాటక కాగితాలతో ఇబ్బంది ఉంటుందో, ధర ఎంతవరకు పెట్టవచ్చునో దయచేసి చెప్పగలరు.

గుత్తి హైవే: ముందు ఆ మీటరును నమ్మడం మానండి. లక్షా ఇరవై వేల కిలోమీటర్లని చెప్పి నాకు ఒక బ్రోకరు అంటగట్టిన బండి, ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసులో విచారిస్తే, మూడేళ్ల ముందే రెండు లక్షలు దాటినట్లు తేలింది. క్లచ్ పెడల్ రబ్బరునూ, స్టీరింగ్ అరుగుదలనూ, డ్రైవరు సీటు అంచునూ చూడండి. అవి మీటరులాగా వెనక్కి తిరగవు. సర్వీసు వివరాలు అడిగితే నసిగేవాడి దగ్గర బండి ఎంత మెరుస్తున్నా కొనవద్దు.

కడప డీజిల్ షెడ్డు: ఇరవై ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పుతున్నవాడిని కనుక చెబుతున్నాను, రెండు లక్షలకే జడిసేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. ఎంహాక్‌లో వాల్వులను వేళకు తెరిచి మూయించేది టైమింగ్ చైన్, అంటే గొలుసు. బెల్టు మార్చే ఖర్చు లేదు. వేళకు ఆయిల్ మార్చిన ఇంజన్ మూడు లక్షలైనా తిరుగుతుంది. మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. బానెట్ మీద చేయి పెడితే వేడి తగిలితే ఆ రోజుకు తిరిగి రండి, ఎందుకంటే ఇంజన్ దాచుకున్న రోగమంతా మొదటి స్టార్టింగులోనే బయటపడుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ గుప్పుగుప్పున ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగినట్లే. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నది. తెల్లపొగ తగ్గక, రేడియేటరు నీళ్లు కూడా తరుగుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ పై భాగానికి కింద ఉండే సీలును) అనుమానించండి. ఇక ఫోర్ వీల్ అంటారా, తారు రోడ్డు మీద ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రెండు చుట్లు తిరగండి, చేతికే తెలుస్తుంది.

నల్లమల ఘాట్: చివరి సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. స్కార్పియోలో సెంటర్ డిఫరెన్షియల్, అంటే ముందు, వెనుక చక్రాల వేగపు తేడాను సర్దే గేర్ల ఏర్పాటు, లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనుక చక్రాలు తక్కువ దూరం నడుస్తాయి. మట్టిలో అయితే టైరు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది; పొడి తారు మీద జారదు కనుక ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేరు పెట్టె) మీదా, ఆ బలాన్ని మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుల మీదా పడుతుంది. పరాయివాడి బండిని అలా తిప్పడం పరీక్ష కాదు, పాడు చేయడం.

కడప డీజిల్ షెడ్డు: నా సొంత టొయోటా ఫార్చ్యూనర్ 2010 నాటిది, మాన్యువల్ గేరు. గువ్వలచెరువు ఘాటులో పొడి తారు మీద నాలుగు చక్రాలూ లాగుతుండగానే రాయచోటికి వెళ్లి వస్తుంటాను. ఇంతవరకు ఒక్క గేరు పన్ను కూడా విరగలేదు. చదివి చెప్పడం వేరు, చేసి చెప్పడం వేరు.

నల్లమల ఘాట్: విరగదు మరి. ఆ కాలపు మాన్యువల్ ఫార్చ్యూనర్‌లో ఫోర్ వీల్ ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. అందుకే దానికి సెంటర్ డిఫరెన్షియల్ పెట్టారు. 2016లో వచ్చిన కొత్త మోడల్‌కు అది లేదు, అవసరమైనప్పుడే వేసుకోవాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు ఈ తేడాను గమనించకుండానే సలహా ఇవ్వడం నాకు ఆశ్చర్యంగా ఉన్నది.

కడప డీజిల్ షెడ్డు: మీ ఆశ్చర్యాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. నేను స్కార్పియో ట్రాన్స్‌ఫర్ కేసులు కూడా విప్పాను. రెండు చుట్లకే పోయే గేరు ఎప్పుడో పోయిన గేరే.

పెన్న ఇసుక: పెద్దలిద్దరూ శాంతించండి. వదులు మట్టిలోనో ఏటి ఇసుకలోనో ఫోర్ హై వేసి నెమ్మదిగా కదలండి. తరువాత బండిని పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి ‘ఫోర్ లో’ (తక్కువ వేగంలో ఎక్కువ బలంతో లాగే గేరు) వేయండి. ఈ బండిలో అదంతా స్విచ్చుతో నడిచే ఏర్పాటు కనుక, ఏళ్ల తరబడి వాడకపోతే మోటారు పట్టేస్తుంది. మీటరులో దీపం వెలిగినంత మాత్రాన ముందు చక్రాలు లాగుతున్నట్లు కాదు. ఒకరిని బయట నిలబెట్టి చూడమనండి. అయినా తడిసిన నల్లరేగడి టైరు గాడుల్లో నిండిపోతే నాలుగు చక్రాలూ ఒకే చోట తిరుగుతాయి. మడ్ టైర్ల ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

తాడిపత్రి బండరాయి: ఢిల్లీ బండి చూడండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ న్యాయస్థానం) ఉత్తర్వులు వచ్చిన నాటి నుంచి అక్కడివి చవకగా దక్షిణాదికి వస్తున్నాయి.

హంద్రీ ఒడ్డు: ఢిల్లీ అయినా బెంగళూరు అయినా కాగితాల పని ఒక్కటే, మీరు చవక అంటున్నది అందులో సగం కరిగిపోతుంది. పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద అమ్మేవారి సంతకాలు ఉండాలి. ఆర్సీలో ఫైనాన్సు ఉంటే ఫారం 35తో దానిని తీసివేయించాలి. ఆపైన బండి వయసును బట్టి మన రాష్ట్రపు లైఫ్ ట్యాక్స్ కట్టాలి. మరొక మాట. 2012 బండికి పదిహేనేళ్లు 2027లో నిండుతాయి. ఆ తరువాత ఫిట్‌నెస్ చూపి అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి సొమ్ము ఇవ్వవద్దు.

ఆదోని పత్తిచేను: అందరికీ ధన్యవాదాలు. ధర సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ముందు రెండు టైర్లు కొత్తవి, వెనుకవి నున్నగా అరిగినవి అని అమ్మేవారు ఫోనులో చెప్పారు. దానిని బట్టి కొంత తగ్గించమని అడగవచ్చునా?

నల్లమల ఘాట్: తప్పక అడగండి, రెండు టైర్లకు కాదు, నాలుగింటికీ. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ కనుక, ఫోర్ వీల్ వేసినప్పుడు తిన్నగా వెళ్తున్నా నేను పైన చెప్పిన బిగువే పుడుతుంది.

కడప డీజిల్ షెడ్డు: ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవిస్తున్నాను. వెనుక టైర్లు అంతగా అరిగే దాకా ఆ బండిని ఫోర్ వీల్‌లో నడిపారేమో కూడా అడగండి.