అప్‌డేట్: బిగుసుకున్న ఒపినెల్ తెరుచుకుంది

బెంగళూరు వానలకి నా ఒపినెల్ నంబర్ 8 (ఫ్రెంచ్ మడత కత్తి) చెక్క పిడి ఉబ్బి బ్లేడు బయటికి రావడం లేదని, తుప్పు మచ్చలు కూడా వచ్చాయని పోయిన నెల అడిగాను. తెరుచుకుంది! లాక్ రింగు తిప్పి, పిడి చివర బల్లకేసి తట్టమన్నారు కదా, ఆ సవోయ్ (ఒపినెల్ పుట్టిన ఫ్రాన్స్ ప్రాంతం) చిట్కా. నాలుగో దెబ్బకి కొస బయటపడింది. తర్వాత కత్తిని వారం రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను (మా ఆవిడ ఏమందో అడక్కండి). బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడికి అవిసె నూనె రాశాను. తుప్పు స్టీల్ పీచుతో పోయింది.

కార్బన్ స్టీలు కదా, మళ్లీ వస్తుందేమోనని టెన్షన్. అమ్మ నవ్వింది: "కత్తిపీట నల్లబడ్డాక అంత త్వరగా తుప్పు పట్టదురా. పచ్చి మామిడికాయ కొయ్యి." కోశాను. 8.5 సెంటీమీటర్ల బ్లేడంతా నీలం, బూడిద రంగుల్లోకి తిరిగింది. ఆదివారం మల్లేశ్వరంలో కలిసినప్పుడు తెస్తాను. మెట్రోలో కత్తి రానివ్వరు కాబట్టి బండి మీదే.