కాంటనీస్‌లో ఎవరైనా పని అడిగితే మర్యాదగా ‘సరే’ అనడం ఎలా?

కౌలూన్‌కు కొత్త:
హాంకాంగ్‌లో మా ఇరుగుపొరుగంతా కాంటనీస్ అనే చైనా భాష మాట్లాడేవారే. ఎవరు ఏ సాయం అడిగినా ‘హయ్’ అని ఊరుకుంటున్నాను. ఇంకా మర్యాదగా ఏమనాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

షాటిన్ వాసి:
‘హయ్’ అంటే ‘అవును, నిజమే’ అని. పనికి ఒప్పుకోవడానికి అది అతకదు. జవాబు అడిగినవారి ప్రశ్నలోనే ఉంటుంది, చెవిపెట్టి వినండి. ‘తక్ మ్ తక్ ఆ?’ (వీలవుతుందా?) అని అడిగితే ‘తక్’ అనండి. ‘హొవ్ మ్ హొవ్ ఆ?’ (సరేనా?) అంటే ‘హొవ్ ఆ’. ‘హో మ్ హో యి?’ (చేయవచ్చా?) అంటే ‘హో యి’. ‘వస్తారా?’ అంటే మనం ‘వస్తాను’ అంటాం చూడండి, అదే పద్ధతి. నడుమ వచ్చే ‘మ్’ కాదు అనే అర్థానిది.

వాన్‌చాయ్ ఉద్యోగి:
మా ఆఫీసులో ఎక్కువగా వినపడేది ‘మొవ్ మన్ థయ్’, అంటే ఇబ్బందేమీ లేదని. పై అధికారి ఫోనులో పని పురమాయిస్తే ‘సవ్ తొవ్’ అని రాస్తాం. సందేశం అందింది, చూసుకుంటాను అని.

షాటిన్ వాసి:
అసలు మర్యాదంతా మాట చివరి అక్షరంలో ఉంది! ‘హొవ్ ఆ’లో ఆ చివరి ‘ఆ’ను ఎత్తి పలికితే ఇష్టంగా ఒప్పుకున్నట్టు. ‘హొవ్ లో’ అంటే మన ‘సరేలే’ లాంటిది, ఎదుటివారి ముఖం చిన్నబోతుంది. పెద్దవారి దగ్గర దాని జోలికి పోకండి.

భాషాభిమాని:
ఇక ఉచ్చారణ సంగతి. రోమన్ లిపిలో డి, జి అని రాసేవి నోట మన త, క లాగా పలుకుతాయి. టి, కె అని రాసేవి థ, ఖ లకు దగ్గర. ఈ తేడా మనకు పుట్టుకతో వచ్చిందే, తెలుగులో రాసుకుని నేర్చుకోండి. ‘తక్’ చివర క్ గొంతులోనే ఆగిపోవాలి. మాట అర్థాన్ని మార్చే ఆరు స్వరాలను, అంటే గొంతు ఎత్తుపల్లాలను, మాత్రం వినే పట్టుకోవాలి.

వాన్‌చాయ్ ఉద్యోగి:
ఒప్పుకోవడానికి ఒక్కోసారి మాటే అక్కర్లేదు. మినీబస్సులో దిగేవారు ‘యవ్ లోక్, మ్ కోయ్’ (దిగేవారున్నారు, దయచేసి) అని కేకేస్తే, డ్రైవరు వెనక్కి తిరగకుండానే చేయి పైకెత్తుతాడు. విన్నాను, ఆపుతాను అని.

కౌలూన్‌కు కొత్త:
చాలా ఉపయోగపడింది. చేస్తాను గానీ వెంటనే కుదరదు అంటే?

షాటిన్ వాసి:
‘హొవ్ ఆ, మ్ కోయ్ తంగ్ చన్’ అనండి. సరే, దయచేసి కొంచెం ఆగండి అని. ‘మ్ కోయ్’ అనే మాటే కృతజ్ఞతకూ వాడతారు. పని అయ్యాక వారు అలా అంటే ‘మ్ సయ్ హాక్ హెయ్’ అనండి, మొహమాటం వద్దని.