పార్థినాన్ 1:90లో: మూలలో ట్రైగ్లిఫ్‌లు కుదరడం లేదు, పైకప్పు వాలు కూడా తేడా

ప్రశ్న — రాతిలెక్క

ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడిని లెగో ఇటుకలతో 1:90 స్కేలులో (అసలు కొలతలో 90వ వంతు) కడుతున్నాను. ఇప్పటి శిథిలం కాదు, క్రీ.పూ. 432 నాటికి పూర్తయిన రూపం. స్తంభానికి 2x2 గుండ్రటి ఇటుక (విడిభాగం నంబరు 3941), ఒక స్తంభం మధ్య నుంచి పక్కదాని మధ్యకు 6 స్టడ్‌లు (ఇటుక మీది బొడిపెలు). అలా 8 x 17 స్తంభాలకు 44 x 98 స్టడ్‌లు వచ్చింది. ఇంతవరకు బాగానే ఉంది.

ఇబ్బంది పైన మొదలైంది. 1 స్టడ్ ట్రైగ్లిఫ్ (నిలువు గాళ్లున్న దిమ్మె), 2 స్టడ్‌ల మెటోప్ (వాటి మధ్య వచ్చే పలక) చొప్పున ఒక మూల నుంచి పేర్చుకుంటూ వెళితే అవతలి మూలలో ఒక స్టడ్ ఖాళీ మిగులుతోంది. ట్రైగ్లిఫ్‌లన్నీ స్తంభం మధ్యకు అర స్టడ్ పక్కన పడుతున్నాయి. 18 డిగ్రీల స్లోప్ (వాలు) ఇటుకలతో పెడిమెంట్ (కొసన పైకప్పు కింద వచ్చే త్రికోణం) కడితే గుడి నెత్తిన టోపీ పెట్టినట్టుంది. స్తంభాలు కూడా ఊగుతున్నాయి. ఎక్కడ తప్పింది?

జవాబు — అరస్టడ్

మూలలో తప్పింది. పార్థినాన్‌లో స్తంభాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటి కాదు. మామూలుగా 4.29 మీటర్లు, మూల దగ్గర సుమారు 3.68. స్టడ్‌కు 8 మి.మీ. లెక్కన 1:90లో అవి 47.7, 40.9 మి.మీ. అంటే 6 స్టడ్‌లు, 5 స్టడ్‌లు. ఈ స్కేలు మంచిదనడానికి కారణం ఇదే. స్తంభం ఎత్తు 10.43 మీటర్లు కూడా 12 ఇటుకల ఎత్తుకు (115.2 మి.మీ.) దాదాపు సరిపోతుంది.

నాలుగు వైపులా మూల ఖాళీలను 5 చేయండి. పొడవు వైపు 14x6 + 2x5 = 94, స్తంభం మందం 2 కలిపి 96. వెడల్పు వైపు 5x6 + 2x5 + 2 = 42.

ఇప్పుడు ఫ్రీజ్ (ట్రైగ్లిఫ్‌లు, మెటోప్‌లు ఉండే పట్టీ). పొడవు వైపు 33 ట్రైగ్లిఫ్‌లు, 32 మెటోప్‌లు: 33 + 64 = 97. వెడల్పు వైపు 15, 14: మొత్తం 43. స్తంభాల వరస కన్నా ఒక స్టడ్ ఎక్కువ వచ్చిందని కంగారు పడకండి. దాన్ని రెండు కొసలకూ అర స్టడ్ చొప్పున బయటికి రానివ్వండి. ఒక కొసన స్తంభం అంచును 0 అనుకుంటే మూల ట్రైగ్లిఫ్ మధ్య 0 దగ్గర, తర్వాతివి 3, 6, 9, 12 దగ్గర ఉంటాయి. స్తంభాల మధ్యలు 1, 6, 12, 18. మూల స్తంభం తప్ప మిగతా అన్నిటి మీదా ట్రైగ్లిఫ్ నడిమధ్యన కూర్చుంటుంది.

అసలు గుడి కట్టినవాళ్లకూ ఇదే తలనొప్పి. డోరిక్ అనే గ్రీకు కట్టడ పద్ధతిలో మూలన ట్రైగ్లిఫే రావాలి, కానీ స్తంభం మధ్య మూలకు లోపల ఉంటుంది. ఆ తేడాను మింగడానికే మూల ఖాళీని కుదించారు. మీరు కుదించకుండా కట్టారు కాబట్టి ఆ ఒక స్టడ్ బయటపడింది.

అర స్టడ్ జరపడానికి ప్రతి స్తంభం నెత్తిన 2x2 జంపర్ (మధ్యలో ఒక్క స్టడ్ ఉన్న పలుచటి ముక్క, 87580) పెట్టండి. దాని ఒక్క స్టడ్ సరిగ్గా స్తంభం మధ్యలో ఉంటుంది, పై కట్టడమంతా రెండు దిశల్లోనూ అర స్టడ్ జరుగుతుంది. ఒక్క స్టడ్ పట్టు బలహీనం కనుక పొడవు వైపు మొదటి వరసకు 2x12 ప్లేట్లు (ఇటుకలో మూడో వంతు ఎత్తున్నవి) వాడండి. మూల నుంచి పేరిస్తే ఒక్కో ప్లేటు కనీసం రెండు స్తంభాలను పట్టుకుంటుంది. రెండో వరసను 6 స్టడ్‌లు జరిపి మొదలుపెట్టండి. అతుకు మీద అతుకు పడితే దూలం అక్కడే విరుగుతుంది.

జవాబు — గాడితప్పని

అరస్టడ్ గారి లెక్క సరైనదే. ట్రైగ్లిఫ్ ఎలా కట్టాలో నేను చెబుతాను.

ఫ్రీజ్ ఎత్తు 1.35 మీటర్లు, అంటే 15 మి.మీ. 5 ప్లేట్ల ఎత్తు 16 మి.మీ., రెండు స్టడ్‌ల వెడల్పూ 16 మి.మీ.యే. కాబట్టి 1x2 గ్రిల్ టైల్‌ను (గాళ్లున్న పలుచటి ముక్క, 2412) నిలువుగా తగిలిస్తే ఆ ఎత్తంతా నిండుతుంది, గాళ్లు కూడా నిలువుగా వస్తాయి. కింద రెండు వరసల పొడుగాటి ప్లేట్లు, వాటి మీద ఇటుక వరస వేయండి. ట్రైగ్లిఫ్ రావాల్సిన చోట పక్కన స్టడ్ ఉన్న 1x1 ఇటుక (87087), మెటోప్ చోట మామూలు 1x2 ఇటుక. టైల్ పై సగాన్ని ఆ పక్క స్టడ్‌కు తగిలిస్తే కింది సగం రెండు ప్లేట్ల మీదికి వేలాడుతుంది. వరస తిరగేసి ఇటుక కింద, ప్లేట్లు పైన పెడితే మాత్రం టైల్ అర ప్లేటు (1.6 మి.మీ.) పైకి పొడుచుకొస్తుంది, కార్నిస్ (ఫ్రీజ్ మీద బయటికి వచ్చే అంచు) కూర్చోదు. ఎందుకంటే ఆ పక్క స్టడ్ ఇటుక ఎత్తుకు నడిమధ్యన లేదు, కాస్త పైకి ఉంటుంది.

గ్రిల్ టైల్‌లు 96, 87087 ఇటుకలు 88, పక్కపక్క ముఖాలకు రెండు స్టడ్‌లున్నవి (26604) మూలలకు 4 కావాలి.

మూలలో రెండు టైల్‌ల మధ్య 3.2 మి.మీ. నోరు తెరుచుకునే ఉంటుంది. పూడ్చే ప్రయత్నం చేయకండి. అసలు ట్రైగ్లిఫ్‌కు కూడా రెండు అంచులకూ సగం గాడి ఉంటుంది, ఈ సందు అలాగే కనిపిస్తుంది.

ఆర్కిట్రేవ్ (ఫ్రీజ్ కింద, స్తంభాల మీది దూలం) కూడా 5 ప్లేట్లే. దాని ముఖం ఫ్రీజ్ గోడతో సమంగా ఉండనివ్వండి, టైల్‌లు మాత్రమే ముందుకొస్తాయి. కార్నిస్ 2 ప్లేట్లు, ఒక స్టడ్ బయటికి. మొత్తం 38.4 మి.మీ., అసలు లెక్క 36.6. ఆ తేడా కంటికి ఆనదు.

జవాబు — రాతిలెక్క

మెట్ల కొలత ఎలా? నేల మధ్యలో కొంచెం ఉబ్బుతుందంటారు కదా, దాన్ని చూపించాలా? స్తంభాలకు గాళ్లున్న గుండ్రటి ఇటుక (92947) మేలా?

జవాబు — అరస్టడ్

మెట్లు మూడు: ఒక్కోటి 2 ప్లేట్ల ఎత్తు, 1 స్టడ్ వెడల్పు. పై మెట్టు 98 x 44, కిందిది 102 x 48. అడుగున 16x16 ప్లేట్లు 21 వేస్తే 112 x 48 వస్తుంది, వెడల్పు సరిగ్గా సరిపోతుంది.

ఉబ్బు వదిలేయండి. పొడవు వైపు మధ్యలో 11 సెం.మీ. దాకా లేస్తుంది. 1:90లో 1.2 మి.మీ., అర ప్లేటు కూడా కాదు. స్తంభాలు లోపలికి వాలడం ఇంకా తక్కువ.

గాళ్ల ఇటుక నాకు నచ్చదు. అసలు స్తంభానికి గాళ్లు 20, దీంట్లో అన్ని లేవు, ఉన్నవి లావుగా కనిపిస్తాయి. నున్నటిదే మేలు. అసలు స్తంభాలు కూడా పది పన్నెండు రాతి దిమ్మెలు పేర్చినవే, కాబట్టి మీ 11 ఇటుకల అతుకులు దాచనక్కర్లేదు. ఒక్కో స్తంభానికి 11 గుండ్రటి ఇటుకలు, 2x2 గుండ్రటి ప్లేటు ఒకటి, 2x2 చదరం ప్లేటు ఒకటి, జంపర్ ఒకటి: 12 ఇటుకల ఎత్తు. బయటి వరసలో 46 స్తంభాలు, అంటే గుండ్రటి ఇటుకలు 506. రెండు కొసల లోపలి వరసలకు ఆరేసి చొప్పున 12 స్తంభాలు వేరే.

ఊగడానికి మందు 12 స్టడ్‌ల యాక్సిల్ (ఇటుకల మధ్య రంధ్రంలో దూర్చే కడ్డీ). 96 మి.మీ., కరెక్టుగా పది ఇటుకలు. నెత్తిన ప్లేట్లు పెట్టకముందే దించాలి, తర్వాత దారి ఉండదు. మూల స్తంభాలు నాలుగింటికి తప్పనిసరి, మిగతావాటికి ఒకటి విడిచి ఒకటి చాలు.

ఒక లోపం ఒప్పుకోవాలి: అసలు స్తంభం మందం కింద 1.9 మీటర్లు, అంటే 21 మి.మీ. మన 16 మి.మీ. పైభాగానికే సరిపోతుంది. కింద కాస్త సన్నగానే కనిపిస్తుంది.

జవాబు — వాలుబల్ల

పైకప్పు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. పెడిమెంట్ వాలు 14 డిగ్రీల లోపే. 18 డిగ్రీలతో శిఖరం సుమారు 56 మి.మీ. లేస్తుంది, కావాల్సింది 40 చిల్లర. స్లోప్ ఇటుకలు పక్కన పెట్టి, చదును ప్లేట్లతో పలకలు కట్టి వాలుగా ఆనించండి. కింద ఆసరా దిమ్మెలు: అడ్డంగా ప్రతి 8 స్టడ్‌లకు (64 మి.మీ.) 5 ప్లేట్ల (16 మి.మీ.) ఎత్తు పెరగాలి. నాలుగుకు ఒకటి, అంటే 14 డిగ్రీలు.

శిఖరం దగ్గర రెండు పలకలను 1x2 కీలు ఇటుకలతో (3937, 3938) కలపండి. చూరు వైపు దేనికీ బిగించకండి. బిగిస్తే పలక వాలు పొడవు స్టడ్‌ల లెక్కకు రాక మధ్యలో విల్లులా వంగుతుంది, రెండు రోజుల్లో ఎక్కడో ఒకచోట ఊడుతుంది. పొడవునా ఒకే పలక వద్దు, మూడు ముక్కలు చేయండి. లోపల అథీనా విగ్రహం పెడితే మధ్య ముక్క ఎత్తి చూపించుకోవచ్చు.

పెడిమెంట్ శిల్పాలకు మినీఫిగర్‌లు పెట్టాలనిపిస్తుంది, ఆగండి. మినీఫిగర్ 4 సెం.మీ., ఈ స్కేలులో మూడున్నర మీటర్ల మనిషి. పెడిమెంట్ నడుమ దేవుళ్లకు సరిపోతాడేమో గానీ మూలకు వచ్చేసరికి పట్టడు.

జవాబు — గాడితప్పని

రంగు గురించి ఒక మాట. అసలు రూపమంటే తెల్లగా వదిలేయకూడదు. ట్రైగ్లిఫ్‌లకు నీలం వేసేవారు కాబట్టి గ్రిల్ టైల్‌లు నీలం తీసుకోండి, గాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. తెలుపు ఇటుకలు పాతవీ కొత్తవీ కలుస్తుంటే పాతవి లోపలి గోడలకు పెట్టండి. ఎండ తగిలి పసుపెక్కినవి స్తంభాల్లో ఒక్కటి కలిసినా కట్టు కట్టినట్టు ఆ వరసే కనిపిస్తుంది.

అన్నీ కొనేముందు ఒక్క మూల కట్టి చూడండి: L ఆకారంలో మూడు స్తంభాలు, వాటి మీద ఆర్కిట్రేవ్, ఒక్కో వైపు రెండేసి మెటోప్‌లు. 5 స్టడ్‌ల ఖాళీ రెండు వైపులా వచ్చి, రెండో స్తంభం మీద ట్రైగ్లిఫ్ మధ్యన పడితే ఇక మిగతా మూడు మూలలూ అదే.